బిరుదము వెనుకనున్న బాధ్యత
మధ్యయుగ రాజ్యములలో సామంతులు, వారి పదవీనామములు
(తిఫ్రాలో తెలుగువారి సాంస్కృతిక సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వోద్యోగము చేయువారికి పదవీనామముల విలువ వేరుగా చెప్ప నక్కరలేదు. ఒక పేరు ముందు 'సీనియర్' అను మాట చేరుటకు ఎన్ని సంవత్సరములు పట్టునో, ఆ మాట చేరిన పిమ్మట జీతములోను, క్వార్టరులోను, రైలు పాసు తరగతిలోను ఎంత మార్పు వచ్చునో ఇంటి ఇల్లాండ్రకు సైతము తెలియును. ఆ పేరుతోబాటు నెత్తిమీదికి వచ్చిన పని ఎంతటిదో ఆ కుర్చీలో కూర్చున్నవానికి మాత్రమే తెలియును.

ఎనిమిది తొమ్మిది వందల సంవత్సరములకు పూర్వపు రాజ్యములలోను సంగతి ఇట్లే యుండెను. మహామండలేశ్వరుడు, సామంతుడు, నాయకుడు, సాహిణి అను పేర్లు విన్నంతనే నేడు ఛత్రచామరములు కన్నుల ముందు మెదలును. కాని ఆ పేర్లు వాడుకలోనున్న కాలమున వానిలో ఒక లెక్క యిమిడి యుండెడిది. ఎవడు ఎవనికి లోబడవలెను, ఎన్ని ఊళ్లను కాపాడవలెను, పిలుపు వచ్చినపుడు ఎంత బలముతో పోయి నిలువవలెను అనునదే ఆ లెక్క. లెక్క సరిగా నడచినన్నాళ్లు రాజ్యము నిలిచెను. పేరు మాత్రము మిగిలి లెక్క తప్పిననాడు కూలెను. దీనికి సాక్ష్యము వెదకుటకు దూరము పోవలసిన పని లేదు. ఒక సాక్ష్యము బిలాసపురమునకు ఉత్తరమున సుమారు 25 కిలోమీటర్ల దూరములో, రతనపురమున నున్నది. రెండవది ఓరుగల్లున నున్నది.

రతనపురము మహామాయాదేవి ఆలయమునకు నవరాత్రులలో పోని తెలుగు కుటుంబము ఈ ప్రాంతమున అరుదు. ఆ ఊరు దక్షిణ కోసలమును ఏలిన కలచురి రాజుల రాజధాని. త్రిపురి కలచురులలో ఒక శాఖవారు క్రీ.శ. 1000 ప్రాంతమున తుమ్మాణమునకు వచ్చి స్థిరపడిరి. మొదటి రత్నదేవుడు 11వ శతాబ్దిలో రత్నపురమును నిర్మించెను. అతని కుమారుడు మొదటి పృథ్వీదేవుడు 1079లో ఇచ్చిన అమోదా తామ్రశాసనమున తనను 'సమధిగత పంచమహాశబ్ద', 'మహామండలేశ్వర' అని చెప్పుకొనెను.

ఈ రెండు మాటలును తెలుగువారికి క్రొత్తవి కావు. 1163లో కాకతి రుద్రదేవుడు హనుమకొండ వేయిస్తంభముల గుడియొద్ద వేయించిన శాసనములోను ఇవే మాటలు కలవు. పంచమహాశబ్దములనగా అయిదు వాద్యముల మ్రోత. కొమ్ము, తమ్మట, శంఖము, భేరి, జయఘంట అని వానికొక లెక్క కలదు. ఈ వాద్యములను తన వాకిట మ్రోగించుకొను హక్కు ఎవనికిబడిన వానికి లేదు. పై చక్రవర్తి అనుగ్రహించిన సామంతుడే వానిని మ్రోగింపవలెను. 'సమధిగత' అను మాటకు 'పొందిన' అని యర్థము. అనగా ఆ బిరుదమే, ఇచ్చినవాడు ఒకడు పైన కలడని చెప్పుచున్నది. నర్మదా తీరమునుండి వచ్చిన కలచురులకును, తెలంగాణమున పుట్టిన కాకతీయులకును ఒకే కొలబద్ద యుండుట గమనింపదగిన విషయము.

హనుమకొండ శాసనములో మరియొక విశేషము కలదు. కల్యాణి చాళుక్యుల బలము తగ్గిన సమయమున రుద్రదేవుడు స్వతంత్రుడై శత్రువులను జయించిన వృత్తాంతమును ఆ శాసనము వర్ణించును. అయినను అందులో అతని పేరుకు ముందు 'పతిహితచరిత', 'వినయభూషణ' అను బిరుదములు నిలిచియే యున్నవి. ప్రభువునకు హితముగా నడచువాడు, వినయమే ఆభరణముగా గలవాడు అని వాని భావము. ప్రభువు పోయెను, ప్రభుభక్తి బిరుదము మిగిలెను. తరువాత గణపతిదేవుని కాలమునను మహామండలేశ్వర శబ్దము శాసనములలో కనిపించుచునే యున్నది. తండ్రితాతలు సేవచేసి సంపాదించిన పేరును, సేవ చాలించిన పిమ్మటకూడ విడుచుటకు వారికి మనసొప్పలేదు.

కలచురులకును తెలుగుదేశమునకును రాజకీయ సంబంధము లేకపోలేదు. మొదటి జాజల్లదేవుని 1114 నాటి రతనపుర శిలాశాసనము, అతనికి ఏటేట కప్పము పంపిన మండలాధిపతులను పేర్కొనుచు వారిలో ఆంధ్రుని, ఖిమిడి ప్రభువును చేర్చినది. ఖిమిడి యనగా నేటి పర్లాకిమిడి ప్రాంతము. శ్రీకాకుళమునుండి వచ్చి ఈ రైలు పట్టణమున స్థిరపడిన కుటుంబములు ఈ విషయమును విని ఆశ్చర్యపడవచ్చును. 1891లో నాగపురమునుండి ఆసనసోల్ వరకు బెంగాల్ నాగపూర్ రైలుమార్గము పూర్తియగుటకు దాదాపు ఎనిమిది వందల ఏండ్లకు ముందే, ఖిమిడినుండి రతనపురమునకు దారి యొకటి కలదు. ఆ దారిని నడచినది కప్పపు బండి.

ఇక ఈ రాజ్యములు లోపల ఎట్లు కట్టబడి యుండెనో చూతము. రతనపుర రాజ్యమున పెద్ద విభాగమునకు గఢము అని పేరు. శివనాథ నదికి ఉత్తరమున రతనపురము క్రింద 18, దక్షిణమున రాయపురము క్రింద 18 గఢములుండెననియు, వానినిబట్టియే ఛత్తీస్‌గఢ్ అను పేరు వచ్చెననియు ఎక్కువమంది అభిప్రాయము. ఒక్కొక గఢమునకు 84 గ్రామములు ఆదర్శసంఖ్య. దానిని పండ్రెండేసి గ్రామముల చొప్పున ఏడు భాగములు చేసిరి. పండ్రెండూళ్ల భాగమునకు బర్హోఁ అని పేరు. గఢమునకు దీవాను, బర్హోఁకు దాఊ, ఒక్కొక గ్రామమునకు గౌంటియా అధికారి. నేటికిని ఛత్తీస్‌గఢ్ పల్లెలలో భూమిపుట్ర గల పెద్దమనిషిని 'దాఊజీ' యని పిలుతురు. అంగడిలో ఆ పిలుపు విన్నవారు ఒకప్పటి పండ్రెండూళ్ల అధికారి పేరునే వినుచున్నారు.

కాకతీయ రాజ్యమున నాడు, సీమ, స్థలము అను విభాగము లుండెను. గ్రామమున రెడ్డి, కరణము, తలారి మొదలగు వారుండిరి. పైన మహాప్రధానులు, దండనాయకులు, అశ్వబలమును చూచు సాహిణులు ఉండిరి. గణపతిదేవుని కొలువున కాయస్థ వంశీయుడైన గంగయ సాహిణి 'బాహత్తర నియోగాధిపతి'. డెబ్బదిరెండు శాఖలపై పెత్తనము చేయువాడని ఆ మాటకు అర్థము. లెంక యను పేరు గలవారు మరియొక తరగతి. ప్రభువుతో బ్రదికి, ప్రభువుతోనే చచ్చుటకు ఒట్టుపెట్టుకొనిన భటులు వారు. వారి బిరుదము అన్నిటికంటె చిన్నది, దాని వెల అన్నిటికంటె పెద్దది.

ఈ కట్టుబాటు మన దేశమునకే ప్రత్యేకమని తలపరాదు. సముద్రముల కావల ఐర్లండు దేశమున గేలిక్ జాతివారు ఇదే కాలమున ఇట్టి నిచ్చెననే కట్టుకొనిరి. అచట ఒక్కొక జనసమూహమునకు తువాత్ అని పేరు. దాని రాజు 'రీ'. ఈ మాట మన 'రాజు' శబ్దమునకు దాయాదియని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించిరి. కొన్ని తువాతులపై పెద్దరాజు, అట్టి పెద్దరాజులపై మరియొక రాజు ఉందురని వారి ప్రాచీన న్యాయగ్రంథములు మూడు మెట్లు చెప్పినవి. ద్వీపమంతటికి అధిపతి ననువాడు 'ఆర్డ్ రీ'. క్రింది రాజు పైవానికి కప్పమును, తన బంధువులను జామీనుగాను ఇచ్చును. పైరాజు క్రిందివానికి కానుక నిచ్చును. ఆ కానుకకు 'తువరస్తల్' అని పేరు. దానిని చేతితో అందుకొన్నవాడు లోబడినట్లే లెక్క. ఆశ్చర్యమేమనగా నేటి ఐరిష్ భాషలో తువరస్తల్ అనగా నెలజీతము! ఒకటవ తారీకున జీతమందుకొనువారు ఈ మాటలోని సొగసును సులభముగా గ్రహింపగలరు.

రాజు బ్రదికి యుండగానే అతని తరువాతివానిని బంధువర్గమునుండి ముందుగా నిర్ణయించు ఆచారమును గేలిక్ జాతివారిలో కలదు. అట్టివానికి 'టానిష్ట' అని పేరు. సేనకో జనమునకో ముందు నడచు నాయకుడు 'టీషక్'. 1937 నాటి రాజ్యాంగము ప్రకారము ఐర్లండు ప్రధానమంత్రికి టీషక్ అనియు, ఉపప్రధానికి టానిష్ట అనియు పేర్లు. మన భాషలో నాయక శబ్దమునకును 'ముందుండి నడిపించువాడు' అనియే అర్థము. రెండు దూరదేశములవారు ఒకే భావముతో ఒకే పదవిని పిలిచిరి.

అయితే పేరునకు తగిన పని చేసినవారెవరు? ఇరుప్రక్కల నుండి ఒక్కొకరిని చెప్పుకొనవచ్చును. దేవగిరి యాదవులతో యుద్ధమున కాకతి మహాదేవుడు మరణించి, గణపతిదేవుడు శత్రువులకు బందీయై, ఓరుగల్లు సింహాసనము శూన్యమైన కష్టకాలమున, రాజ్యభారమును మోసి నిలబెట్టినవాడు రేచర్ల రుద్రుడు. కోరినచో అతడే రాజు కావచ్చును. కాలేదు. గణపతిదేవుడు విడుదలై 1199లో పట్టమెక్కెను. రుద్రుడు సేనానిగనే యుండి, 1213లో పాలంపేట రామప్పగుడిని కట్టించెను. 2021లో యునెస్కోవారు ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. ఇటు ప్రక్క జగపాలుడను సేనాని జాజల్లదేవుడు, రెండవ రత్నదేవుడు, రెండవ పృథ్వీదేవుడు అను మూడు తరముల కలచురి రాజులను సేవించి, వారి కొరకు అనేక ప్రదేశములను జయించెను. రాజిమ్ క్షేత్రమున 1145 నాటి శాసనము అతని సేవలను, అతడు కట్టించిన రామాలయమును చెప్పుచున్నది. రాజులు మారినను సేవకుడు మారలేదు.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణయు కలదు. గంగయ సాహిణి వంశమువాడే యైన అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగబడి స్వతంత్రుడయ్యెను. తన విజయములను 1290లో త్రిపురాంతక శాసనమున వ్రాయించుకొనెను. 1289 నవంబరులో రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును మరణించిన సంగతి చందుపట్ల శాసనమువలన తెలిసినది. అంబదేవునితో జరిగిన పోరులోనే అది జరిగి యుండునని చరిత్రకారులు తలచిరి. వంశమునకు పెద్ద సంపాదించిన పదవి, ఆ వంశమువాని చేతిలోనే కత్తియైనది. వంశపారంపర్యముగా వచ్చు పదవిలోని ప్రమాదము ఇదియే. పేరు కొడుకునకు వచ్చును, విశ్వాసము వచ్చునను నమ్మకము లేదు.

ప్రతాపరుద్రుడు ఈ గుణపాఠమును నేర్చెను. అతని కాలమున నాయంకర పద్ధతి బలపడెను. నాయకునికి కొన్ని గ్రామములిత్తురు. ఆ రాబడితో అతడు నిర్ణీతమైన బలమును పోషించి, పిలిచినపుడు తేవలెను. ఓరుగల్లు కోటకు 77 బురుజులనియు, ఒక్కొక బురుజు ఒక్కొక నాయకుని వంతనియు ప్రతాపరుద్ర చరిత్రము చెప్పును. సంఖ్య కచ్చితమో కాదో యటుంచి, ఆ కథలోని భావము స్పష్టము. ఎవని రాయి వానిది, గోడ మాత్రము అందరిది.

1323లో ఆ గోడ పడెను. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి కొనిపోబడుచు నర్మదా తీరమున మరణించెను. రాజు లేడు, రాజధాని లేదు, బిరుదము లిచ్చువాడు లేడు. అప్పుడు నాయకులేమి చేసిరి? ముసునూరి ప్రోలయ నాయకుడు గోదావరి యొడ్డున రేకపల్లిలో నిలిచి, చెడిన అగ్రహారములను మరల నిలిపెనని విలస తామ్రశాసనము చెప్పును. అతని తరువాత కాపయ నాయకుడు 1336లో ఓరుగల్లును తిరిగి పట్టెను. అతనిని 75 మంది నాయకులు సేవించిరని 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనము చెప్పుచున్నది. ఇచ్చినవాడు చనిపోయిన పిమ్మట, ఆ పదవిలోని పనిని వదలక చేసినవారు వీరు. ఆ ఐకమత్యమును చిరకాలము నిలువలేదు. 1368లో రేచర్ల ప్రభువులతోడి యుద్ధమున కాపయ మరణించెను, నాయకులు ఎవరి నెలవులకు వారు పోయిరి. అయినను ఆ కొలది సంవత్సరములు తెలుగువారి చరిత్రలో చిన్నవి కావు.

ఇక రతనపురమున ఏమి జరిగెనో చూడుడు. కలచురులు ఏడు వందల సంవత్సరములకు పైగా ఏలిరి. అంత దీర్ఘకాలము ఏలిన రాజవంశములు దేశమున కొద్ది. కాని రానురాను దీవానులు, దాఊలు తమ తమ ఊళ్లలో తామే రాజులైరి. 84 గ్రామములవాడు ప్రక్క 84 గ్రామములవానిని గూర్చి విచారించుట మానెను. 1741లో నాగపురపు రఘోజీ భోఁస్లే సేనాని భాస్కర పంతు దండెత్తి వచ్చెను. రాజు రఘునాథ సింగు వృద్ధుడు, కొడుకును పోగొట్టుకొని దుఃఖమున మునిగి యుండెను. కోటపై గుండ్లు పడినవి. గఢములనుండి సేన రాలేదు. చెప్పుకొనదగిన యుద్ధమే లేక రాజధాని లోబడెను. గఢముల పేర్లు మాత్రము చెక్కు చెదరకయే యుండెను. 1868లో బిలాసపురపు బందోబస్తు అధికారి ఛిజోమ్ వ్రాసిన నివేదికయు, రాజ్యము ముక్కలు ముక్కలుగా పంపకమగుటయే ఈ బలహీనతకు కారణమని చెప్పినది.

ఓరుగల్లున గోడ పడినను రాళ్లు కలిసి నిలిచినవి. రతనపురమున రాళ్లు విడిపోవుటచే గోడ తనంత పడెను. రెంటికిని గల భేదము బిరుదములలో లేదు.

ఛత్తీస్‌గఢ్ దక్షిణభాగమున, బస్తరులో, ఈ రెండు చరిత్రలకును ముడి యొకటి కలదు. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లునుండి వచ్చి బస్తరు రాజ్యమును స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము. 18వ శతాబ్ది ఆరంభమున దిక్పాలదేవుడు దంతెవాడలో వేయించిన శాసనము ఈ వంశకథను చెప్పుచున్నది. అచట పరగణాకు పెద్ద మాంఝీ, అతనికి తోడుగా చాలకీ. బస్తరు దసరా ఉత్సవములలో వీరికి నేటికిని స్థానము కలదు. 1876లో ప్రారంభమైన మురియా దర్బారున మాంఝీలు, చాలకీలు తమ ప్రాంతపు కష్టములను విన్నవింతురు. ఒకప్పుడు రాజు విన్న ఆ మాటలను నేడు ప్రభుత్వాధికారులు వినుచున్నారు. రాజ్యము పోయినను, జనుల మాటను పైకి చేర్చు పని మిగిలినందున ఆ పేరు ఉత్త పేరు కాలేదు.

ఆంగ్లేయుల కాలమున ఈ పదవుల అర్థమే మారెను. ఐర్లండులో 8వ హెన్రీ కాలమునుండి గేలిక్ ప్రభువులు తమ భూములను రాజునకు ఒప్పగించి, ఆంగ్ల బిరుదముతో తిరిగి పుచ్చుకొనవలసి వచ్చెను. 1542లో ఓనీల్ వంశాధిపతి టిరోన్ ఎర్ల్ అయ్యెను. అదే వంశమునకు చెందిన హ్యూ ఓనీల్ ఆ ఆంగ్ల బిరుదమును ధరించియు, 1595లో టల్లహోగ్ గుట్టపై రాతిపీఠమున కూర్చుండి 'ఓనీల్' అను తాతలనాటి పేరును గ్రహించెను. 1602లో ఆంగ్ల సేనాని మౌంట్‌జాయ్ ఆ రాతిపీఠమును పగులగొట్టించెను. లండను ఇచ్చిన బిరుదము కాగితముపై నుండును, జనమిచ్చినది ఆ రాతిపై నుండునని అతనికి తెలియును.

మన దేశమున రాయి పగులగొట్టలేదు, శిస్తు లెక్క వ్రాసిరి. 1802లో ఉత్తర సర్కారులలో శాశ్వత పైసలా వచ్చెను. సేనను తేవలసిన ప్రభువు, గడువులోపల పైకము కట్టవలసిన జమీందారు అయ్యెను. ఛత్తీస్‌గఢ్‌లో మరాఠాల నాడు గఢములు పరగణాలై, దీవానుల స్థానమున కమావిస్‌దారులు వచ్చిరి. ఆంగ్లేయుల బందోబస్తులో ఎందరో గౌంటియాలు మాల్‌గుజారులైరి. అధికారము ఊరి రక్షణనుండి విడిపోయి రొక్కమునకు చుట్టుకొనెను. కనుకనే 1948లో మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము, 1949లో హైదరాబాదు జాగీర్ల రద్దు, 1951లో మధ్యప్రదేశమున మాల్‌గుజారీల రద్దు వచ్చినపుడు రైతు కంట నీరు రాలేదు. 1950 నాటి రాజ్యాంగములోని 18వ అధికరణము బిరుదములను తొలగించెను. 1971లో 26వ సవరణ మాజీ రాజుల గుర్తింపును, భరణములను రద్దుచేసెను.

ఇప్పుడు ఆ పదవులు ఎక్కడ నున్నవి? ఇంటిపేర్లలోను, పేర్ల తుదలలోను ఉన్నవి. నాయకుడు నాయుడయ్యెను. రాయడు రావయ్యెను. రట్టగుడి యను గ్రామాధికారి పేరే క్రమముగా రెడ్డి యయ్యెనని పండితుల అభిప్రాయము. స్కాట్లండులో మెకింటాష్ అనగా టీషక్ కొడుకు. ఈ సభలో హాజరు పట్టీ చదివినచో, మధ్యయుగపు కొలువు సగము పలుకును.

ఆ పేర్లు పిల్లలకు తండ్రులనుండి ఉచితముగా వచ్చినవి. వాని వెనుక నుండిన పని మాత్రము అట్లు రాదు. ఈసారి నవరాత్రులకు రతనపురము పోవువారు దేవీదర్శనమైన పిమ్మట పాతకోటను కూడ పిల్లలకు చూపవలెనని మనవి. అది ఎవరు కట్టిరో చెప్పుటతో విడువక, 1741లో దానిని కాపాడుటకు ఎవరు రాలేదో కూడ చెప్పుడు. సెలవులకు స్వదేశము పోయినపుడు పాలంపేట చూపుడు. రేచర్ల రుద్రుని బిరుదములన్నిటిని ఎరిగినవారు ఆ ఊర కొద్దిమందియే యుందురు. రామప్ప చెరువు క్రింద మాత్రము నేటికిని వరి పండుచున్నది.